ఐదు మెట్లు దిగిన పాటను దొంగ పాట అనవచ్చునా?

సంపాదకుల వారికి నమస్కారాలు.

రెండు వారాల కిందటి మీ ఆదివారం అనుబంధంలో ప్రసిద్ధ రాక్ పాటల మీద వచ్చిన వ్యాసం చదివాను. లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లండు బృందం 1971 నవంబరులో విడుదల చేసిన ‘స్టెయిర్‌వే టు హెవెన్’ పాట ఎత్తుగడను స్పిరిట్ అనే అమెరికన్ బృందం వాయించిన ‘టారస్’ నుంచి ఎత్తుకొచ్చారని, ఆ సంగతి అమెరికా కోర్టులో తేలిపోయిందని అందులో రాశారు. ఈ రెండు మాటల్లో మొదటిది వ్యాసకర్త అభిప్రాయం. దాన్ని చెప్పే హక్కు ఆయనకు ఉంది, కాదనే హక్కు నాకూ ఉంది. రెండోది అభిప్రాయం కాదు, పొరపాటు. కోర్టులో తేలింది అందుకు పూర్తిగా వ్యతిరేకమైన సంగతి. దాన్ని సరిదిద్దమని కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పొడవైంది. ఒక మనిషిని దొంగ అనడానికి ఒక్క వాక్యం చాలు గాని, ఆ మాట ఎందుకు సరికాదో చెప్పడానికి అంత తక్కువ చోటు సరిపోదు.

నేను విశాఖపట్నం దొండపర్తిలో ఇరవై ఆరేళ్లుగా గిటార్ నేర్పుతున్నాను. అంతకుముందు మా అమ్మ దగ్గర వీణ నేర్చుకున్నాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో పదిహేడేళ్ల ఇంటర్ కుర్రాడు ఒకడు, కాలేజీ వార్షికోత్సవంలో పాడడానికి సొంతంగా ఒక పాట కట్టుకున్నాడు. మాటలు తనవే, వరస తనదే. మీ వ్యాసం వచ్చిన మర్నాడు అతని స్నేహితులు ఆ పేజీని ఫోన్‌లో చూపించి, నీ పాట కూడా ఇలాగే కిందికి దిగుతోంది, నీది కూడా కాపీయే అన్నారట. అతను క్లాసుకు వచ్చి గిటార్ సంచి విప్పకుండానే కూర్చుని, “మాస్టారూ, నేనా ఇంగ్లీషు పాటే ఎప్పుడూ వినలేదండీ. అయినా నా పాట నాది కాదా?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నా పని గనుక చెప్పాను. కాని ఆ ప్రశ్న మీ పత్రికలో అచ్చయిన వాక్యం వల్ల పుట్టింది కాబట్టి, దాని జవాబు మీ పత్రికలో కూడా ఉండాలని నా కోరిక.

ముందుగా కోర్టు సంగతి. టారస్ కట్టినవాడు రాండీ కాలిఫోర్నియా. అది రెండున్నర నిమిషాలు దాటిన వాద్య సంగీతం, పాట కాదు. 1968లో స్పిరిట్ బృందం మొదటి ఆల్బంలో వచ్చింది. రాండీ 1997లో చనిపోయాడు. బతికుండగా ఆయన దావా వేయలేదు. 2014 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు వేరొక కేసులో, చట్టం ఇచ్చిన మూడేళ్ల గడువు లోపలి సంపాదన మీద పరిహారం అడిగే కాపీరైట్ దావాను ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నారన్న కారణంతో తోసిపుచ్చకూడదని తీర్పు చెప్పింది. నలభై ఏళ్లు దాటిన పాట మీద అదే నెల చివర రాండీ ఆస్తి ట్రస్టు తరఫున దావా పడడానికి దారి తెరిచింది ఆ తీర్పే. 2016 జూన్‌లో లాస్ ఏంజెలిస్‌లో జ్యూరీ విచారణ జరిగింది. టారస్ మీద హక్కు రాండీ ట్రస్టుదేనా అంటే, అవునన్నారు. లెడ్ జెప్పెలిన్ వాళ్లకు ఆ సంగీతం వినే అవకాశం ఉండిందా అంటే, అవునన్నారు. రెండిటి మధ్య చట్టం కాపాడే అంశాల్లో గణనీయమైన పోలిక ఉందా అన్న ప్రశ్నకు మాత్రం లేదన్నారు. 2018లో ముగ్గురు జడ్జీల అప్పీలు బెంచి, జ్యూరీకి ఇచ్చిన సూచనల్లో లోపాలున్నాయని మళ్లీ విచారణ జరపమంది. మీ వ్యాసకర్త బహుశా ఇక్కడితో ఆగిపోయి ఉంటారు. ఆ ఉత్తర్వును అదే అప్పీలు కోర్టులోని పదకొండుమంది జడ్జీల విస్తృత ధర్మాసనం పక్కన పెట్టి, 2020 మార్చి 9న జ్యూరీ తీర్పునే నిలబెట్టింది. ఆ ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు కేసును విచారణకు తీసుకోవడానికి నిరాకరించడంతో వ్యవహారం ముగిసింది.

వినే అవకాశం ఉందని నమ్మిన జ్యూరీయే పోలిక లేదనడం చాలామందికి విడ్డూరంగా తోస్తుంది. 1968 డిసెంబరు 26న డెన్వర్‌లో లెడ్ జెప్పెలిన్ అమెరికాలో ఇచ్చిన మొట్టమొదటి కచేరీలో స్పిరిట్ కూడా అదే వేదిక మీద వాయించింది. స్పిరిట్ పాట మరొకదాన్ని లెడ్ జెప్పెలిన్ తమ కచేరీల్లో వాయించుకునేది కూడా. లెడ్ జెప్పెలిన్ గిటార్ వాద్యకారుడు జిమ్మీ పేజ్ స్పిరిట్ మొదటి ఆల్బం తన దగ్గర ఉన్నమాట నిజమేనని ఒప్పుకుంటూనే, టారస్ గురించి మాత్రం ఏళ్ల తరవాత, పోలికలు ఎత్తిచూపుతున్నారని ఇంట్లోవాళ్లు చెప్పినప్పుడే తెలిసిందని సాక్ష్యం ఇచ్చాడు. ఇవన్నీ నిజమే. కాని విన్నాడని రుజువైనంత మాత్రాన తీసుకున్నాడని రుజువైనట్టు కాదు. మన ఊళ్లో కళాభారతిలో కచేరీ విన్న పిల్లవాడు మర్నాడు మోహన రాగంలో ఒక వరస కడితే, నిన్న మోహనం విన్నాడు కాబట్టి ఇది దొంగిలించినదే అని మనలో ఎవరైనా అంటారా?

ఇప్పుడు అసలు వరస దగ్గరికి వస్తాను. మీ వ్యాసంలో లేనిది అదే. రెండు పాటలు ఒకటేనని రాసినవారు ఏ స్వరం దగ్గర ఒకటయ్యాయో చెప్పలేదు. గిటార్ నేర్చుకునేవాళ్లు ఫ్రెట్లంటారు, వీణవాళ్లు మెట్లంటారు. నేను మెట్లనే అంటాను. స్టెయిర్‌వే ఎత్తుగడలో నాలుగో తీగ మీద వేలు ఏడో మెట్టు దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి ఆరు, అయిదు, నాలుగు, మూడు, ఇలా ఒక్కొక్క మెట్టే దిగుతుంది. ఏడో మెట్టు స్వరాన్ని షడ్జం అనుకుంటే, ఆ దిగుడు షడ్జం, కాకలి నిషాదం, కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం. మొత్తం ఐదు స్వరాలు, ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో ఏదీ వదలకుండా. టారస్‌లో తీగవాద్యాల తెర తొలగిన తరవాత గిటార్ మీద వినిపించేది కూడా ఈ దిగుడే. రెండిటికీ ఉన్న చుట్టరికం అదే. చెవి ఉన్న ఎవరికైనా ఆ పోలిక వినిపిస్తుంది, వినిపించలేదని నేను అనను.

కాని వేలు దిగుతున్న ఆ సమయంలోనే స్టెయిర్‌వేలో మొదటి తీగ మీద ఏం జరుగుతోందో వినాలి. కింద వరస షడ్జం నుంచి రెండు నిషాదాల మీదుగా దిగుతుంటే, పైన చిటికెనవేలు అయిదో మెట్టు నుంచి ఏడుకు, ఏడు నుంచి ఎనిమిదికి ఎక్కుతుంది. అంటే కింద స, ని, ని; పైన స, రి, గ. ఆ గాంధారం సాధారణ గాంధారం. ఒకే చేతిలో ఒక వేలు మెట్లు దిగుతుంటే మరో వేలు మెట్లు ఎక్కుతుంది. వాటి మధ్య దూరం క్షణక్షణం పెరుగుతుంది. గాంధారం చేరిన తరవాత పై వరస ఒక్కసారిగా ధైవతానికి జారి, ఆ మీదట పంచమంలో సేదతీరుతుంది. కొత్తగా గిటార్ పట్టినవాడికి నేను ఈ ఎత్తుగడ నేర్పేటప్పుడు కష్టమయ్యేది దిగే వేలు కాదు, చిటికెనవేలే. అది ఎనిమిదో మెట్టును అందుకోవడానికి పిల్లలు వారం రోజులు తిప్పలు పడతారు. ఈ ఎక్కే వరస టారస్‌లో లేదు. పాట విన్నవాళ్ల గుండెలో నిలిచిపోయేది ఈ ఎక్కుడూ దిగుడూ కలిసిన తీరే. ఆ తరవాత ఎనిమిది నిమిషాల పాటలో వచ్చేవన్నీ, అంటే నాలుగు నిమిషాలు దాటేదాకా డ్రమ్స్‌ను ఆపి ఉంచిన నిగ్రహం, మెల్లగా వేగం పుంజుకునే నడక, చివరి గిటార్ విన్యాసం, వీటి మీద దావా వేసినవాళ్లే ఫిర్యాదు చేయలేదు.

మిగిలినది ఆ ఐదు మెట్ల దిగుడు. అది రాండీ సొత్తా? ఇంగ్లండు స్వరకర్త హెన్రీ పర్సెల్ 1680లలో రాసిన సంగీత నాటకంలో నాయిక మరణగీతానికి ఆధారంగా కింద పదేపదే దిగే మంద్ర వరస ఇలాంటిదే. అది ఇంకో మెట్టు కూడా దిగుతుంది. విచారణలో ప్రతివాదుల తరఫు సంగీత శాస్త్రవేత్త, ఇటువంటి దిగుడు మూడు వందల ఏళ్లుగా వాడుకలో ఉందని చూపిస్తూ, 1964 నాటి ఒక పిల్లల సినిమా పాటను కూడా ఉదాహరణగా చెప్పాడు. దుఃఖాన్నో, నిట్టూర్పునో చెప్పదలచిన పాశ్చాత్య స్వరకర్తకు అది చేతికి అందుబాటులో ఉండే పనిముట్టు. విస్తృత ధర్మాసనం కూడా ఇటువంటి సాధారణ సంగీత సామగ్రి మీద ఎవరికీ గుత్తాధిపత్యం ఉండదనే తీరులోనే తీర్పు చెప్పింది.

ఇక్కడ నాకు చాలా రోజులుగా తోస్తున్న మాట ఒకటి చెప్పాలి. మన చెవులకు ఈ దిగుడు దాని స్థాయిని మించి కొత్తగా, ఒకే ఒక్కరికి తట్టినదానిలా వినిపించడానికి మన సంగీతంలోనే కారణం ఉంది. మా అమ్మ వాయించిన బొబ్బిలి వీణ ఇంకా నా దగ్గర ఉంది. పనస దుంగను ఏకాండంగా తొలిచి చేసిన వీణ అది. మైనంలో కుదిర్చిన ఇరవై నాలుగు మెట్లలో ఈ ఐదు స్వరాలూ పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. కాని మన మూల రాగాలైన డెబ్భైరెండు మేళకర్తల్లో ఏ ఒక్కటీ వాటినన్నింటినీ ఒకచోట తీసుకోదు. పంచమానికీ పై షడ్జానికీ మధ్య నాలుగు స్థానాలుంటే ప్రతి మేళమూ అందులో రెండింటినే ఎంచుకుంటుంది. అందువల్ల కర్ణాటక సంగీతంలో పెరిగిన చెవికి ఆ నాలుగూ వరసగా దిగడం అసాధారణమైన సంఘటన. అలాంటి అసాధారణం రెండు పాటల్లో వినిపించేసరికి, ఒకరి నుంచి ఇంకొకరు తీసుకోకపోతే ఇది ఎలా సాధ్యమని మనం వెంటనే అనుకుంటాం. మీ వ్యాసం చదివిన రాత్రి అమ్మ వీణ మీద ఆ ఐదు మెట్లూ దిగి చూశాను. గిటార్ మీద రోజూ నేర్పే వరసే అయినా, ఆ వీణ మీద అది పరాయి భాషలా పలికింది. వ్యాసకర్త చెవికి కూడా అలాగే పలికి ఉంటుందని నా ఊహ. ఆయన దురుద్దేశంతో రాశారని నేను అనుకోవడం లేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పాశ్చాత్య సంగీతంలో పెరిగిన ఒకాయనకు ఖరహరప్రియలో త్యాగరాజ స్వామి కట్టిన రెండు వేర్వేరు కీర్తనలు వినిపిస్తే, రెండూ ఒకటే పాట కదా అనవచ్చు. మనం ఆయనతో ఏమంటాం? రాగం ఒకటే, సంచారాలు వేరు, ఎత్తుగడ వేరు, నడక వేరు, వినండి అని కూర్చోబెడతాం. అదే ఓపికను ఆయన సంగీతం మీద మనమూ చూపించాలి.

ఈ చిక్కు మన దేశంలో కూడా ఉన్నదే. 2022లో విడుదలై మన ఊరి థియేటర్లలో కూడా ఆడిన ‘కాంతార’ చిత్రంలోని ‘వరాహ రూపం’ పాట తమ ‘నవరసం’ పాటకు అనుకరణ అని కేరళకు చెందిన తైక్కుడం బ్రిడ్జ్ అనే రాక్ బృందం ఆరోపించడం, కోజికోడ్ కోర్టు మొదట ఆ పాటను ఆపడం, ఆ చిత్రం ఓటీటీలో వచ్చినప్పుడు పాటకు వేరే వరస పెట్టడం, తరవాత పాత వరస తిరిగి రావడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ వివాదంలో ఎవరిది న్యాయమో తేల్చడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. కాని అప్పట్లో మా క్లాసులో పిల్లలు రెండు జట్లుగా చీలి వాదించుకున్నప్పుడు నేను వాళ్లకు పెట్టిన షరతే ఇప్పుడు మీ ముందు కూడా పెడుతున్నాను. రాగం పేరు చెప్పి కాపీ కాదని తేల్చేయకూడదు, రాగం ఒకటి కాబట్టి కాపీ అని కూడా తేల్చేయకూడదు. వాద్యాల కూర్పు, గమకం, తాళం, పదబంధం ఒకదాని తరవాత ఒకటి వేరుచేసి విని, ఏది ఉమ్మడి సొత్తో, ఏది ఒకరి కష్టార్జితమో చూసిన తరవాతే మాట్లాడాలి.

మీ వ్యాసంలో, జ్యూరీకి టారస్ రికార్డింగు వినిపించనే లేదని, అది అన్యాయమని రాశారు. వినిపించలేదన్నది నిజం, అది బాధాకరమన్న మాటతో నేను కూడా ఏకీభవిస్తాను. కాని అది ఎవరో చేసిన కుట్ర కాదు, చట్టం రాసిన తీరు. టారస్ 1967లో నమోదైంది కాబట్టి దానికి వర్తించేది 1909 నాటి అమెరికా చట్టం. ఆ చట్టం కింద రికార్డింగుకు రక్షణ లేదు. కాపీరైట్ కార్యాలయంలో దాఖలు చేసిన స్వరలిపి కాగితంలో ఉన్నంతవరకే హక్కు. టారస్ విషయంలో అది ఒకే ఒక్క పేజీ. జ్యూరీ విన్నది ఆ పేజీని చూసి వాయించినదాన్నే. మన దేశంలోనూ 1957 చట్టం మొదట ఇలాగే ఉండేది. కాపీరైట్ ఉన్న సంగీతం అంటే హృదయాన్ని కరిగించే వరసా కాదు, గొప్ప గాత్రమూ కాదు, కాగితం మీదికి ఎక్కిన స్వరాలే అని 1977లో మన సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆవేదనతో గుర్తుచేశారు. 1994 సవరణ తరవాతనే మన చట్టంలో సంగీతం అంటే సంగీతమే అయింది. స్వరలిపి ఉండి తీరాలన్న పట్టు పోయింది. గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి పాట అందే మన దేశంలో ఆ సవరణ ఇంకా ముందే రావలసింది. స్వరలిపి రాయడం తెలియని జముకుల కథ కళాకారుడిదీ సంగీతమే కదా. ఉత్తరాంధ్ర పల్లెల్లో పుట్టిన ఎన్ని వరసలు, పుట్టించిన మనిషి పేరు పోగొట్టుకుని ‘జానపదం’ అనే ఒక్క మాట కింద సర్దుకుపోయాయో తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

లెడ్ జెప్పెలిన్‌ను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదని స్పష్టంగా చెప్పాలి. అదే బృందం 1969లో విడుదల చేసిన ఒక ప్రఖ్యాత పాట విషయంలో, చికాగోకు చెందిన నల్లజాతి బ్లూస్ సంగీత రచయిత విల్లీ డిక్సన్ 1985లో దావా వేస్తే, 1987లో రాజీ చేసుకుని ఆయనకు రచయితగా పేరు ఇవ్వవలసి వచ్చింది. జేక్ హోమ్స్ అనే గాయకుడు పాడిన పాటను తమ మొదటి ఆల్బంలో తమదిగా వేసుకుని, ఆయన 2010లో కోర్టుకు వెళ్లిన తరవాత రాజీకి వచ్చి, ఆ తరవాతి ముద్రణల్లో ఆయన పేరు ప్రస్తావించారు. ఆ రెండు చోట్లా ఆ బృందం చేసింది తప్పేనని నా అభిప్రాయం. పేదరికంలో పుట్టిన నల్లజాతి సంగీతకారుల పాటలను తెల్లజాతి బృందాలు పేరు చెప్పకుండా వాడుకుని కోట్లు గడించిన చరిత్రలో డిక్సన్ పాట ఉదంతం ఒక పుట. మీ వ్యాసకర్త ఆ చరిత్ర మీద కోపంతో రాశారు, ఆ కోపం న్యాయమైనదే. కాని ఆ చరిత్రను చూపించి ఈ పాటను శిక్షించకూడదు. విచారణ జరగవలసింది పాట మీద, మనిషి పూర్వాపరాల మీద కాదు. రెండుసార్లు తప్పు చేసినవాడు మూడోసారి చేయలేదని తేలితే, చేయలేదనే రాయాలి.

కాపీ అంటే ఎలా ఉంటుందో తెలిపే తీర్పు కూడా ఒకటి ఉంది, ఆ పాటలో హరేకృష్ణ నామం ఉండడం వల్ల మన ఇళ్లలో కూడా వినిపించింది. జార్జ్ హారిసన్ 1970లో పాడిన ‘మై స్వీట్ లార్డ్’ మీద 1976లో న్యూయార్క్ జడ్జి తీర్పు చెబుతూ, 1963లో పేరుపొందిన ‘హీజ్ సో ఫైన్’ పాటలోని రెండు చిన్న పదబంధాలు అదే వరుసలో, అలాగే మళ్లీమళ్లీ తిరుగుతున్నాయని, రెండో పదబంధంలో ఒకచోట పడే చిన్న అలంకార స్వరం కూడా అదే స్థానంలో ఉందని ఎత్తిచూపాడు. హారిసన్ కావాలని దొంగిలించలేదని నమ్ముతూనే, మనసు అడుగున నిలిచిపోయిన పాట తెలియకుండా పైకి వచ్చిందన్నాడు. ఆ తీర్పులో నాకు నచ్చేది అదే. ఏ స్వరం, ఎన్నోసారి, ఏ స్థానంలో అన్నది వేలు పెట్టి చూపించిన తరవాతే మాట అన్నాడు.

ఇంక రాండీ సంగతి. కోర్టు తీర్పు ఆయన ట్రస్టుకు వ్యతిరేకంగా వచ్చింది కాబట్టి ఆయన కథ ముగిసిపోయిందని నేను అనుకోను. టారస్ కట్టేనాటికి రాండీకి పదిహేను, పదహారేళ్లు. అంటే నా దగ్గర నేర్చుకుంటున్న కుర్రాడి కంటే చిన్నవాడు. 1966లో న్యూయార్క్‌లో గిటార్ వాద్యకారుడు జిమీ హెండ్రిక్స్ ఆ పిల్లవాణ్ని తన బృందంలో వాయించడానికి పిలిచాడు. బృందంలో మరో రాండీ కూడా ఉండడంతో ఈ పిల్లవాడికి కాలిఫోర్నియా అన్న పేరు హెండ్రిక్సే పెట్టాడు. 1997 జనవరిలో హవాయి దీవుల్లో సముద్రపు సుడిలో చిక్కుకున్న తన పన్నెండేళ్ల కొడుకును ఒడ్డు వైపు తోసి, తాను మునిగిపోయాడు. కొడుకు బతికాడు. చనిపోవడానికి కొంతకాలం ముందు ఒక పత్రికతో మాట్లాడుతూ, స్టెయిర్‌వే తన సంగీతం నుంచి తీసుకున్నదేనని, అంత సంపాదించినవాళ్లు కనీసం కృతజ్ఞత చెప్పలేదని బాధపడ్డాడు. ఆ మాట నన్ను ఎప్పుడూ కలవరపెడుతూనే ఉంటుంది. ఆయన అడిగింది వాటా మాత్రమే కాదు, ఒక పలకరింపు. ఒకే వేదిక మీద వాయించిన తోటి కళాకారుడు, మీ ఆల్బం మా ఇంట్లో ఉంది, మీ వాద్యం మాకు ఇష్టం అన్న ఒక్క మాట రాసి ఉంటే ఈ గొడవ కోర్టు గుమ్మం ఎక్కేది కాదేమో.

అందుకే నేను నా విద్యార్థులకు ఒక అలవాటు నేర్పుతున్నాను. పాట కట్టిన నోటుపుస్తకంలో చివరి పేజీలో, ఆ పాట కట్టే రోజుల్లో ఏమేమి వింటున్నారో రాసుకోమంటాను. రాసుకోవడం నేరం ఒప్పుకోవడం కాదు. మన గురువులు కచేరీలో ఫలానా వారి దగ్గర పాఠం అని చెప్పుకునేవారు, దాని వల్ల వాళ్ల గౌరవం పెరిగింది గాని తగ్గలేదు. మన కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ రచయితకు తన రచన తనదని చెప్పుకునే ప్రత్యేక హక్కు ఇస్తుంది. హక్కులు ఇంకొకరికి అమ్ముకున్నా అది మిగిలే ఉంటుంది. కాని చట్టం పట్టుకోలేని చిన్నచిన్న రుణాలను కూడా తీర్చేది ఆ చివరి పేజీయే.

2015లో అదే లాస్ ఏంజెలిస్‌లో మరొక జ్యూరీ, అమెరికన్ గాయకుడు మార్విన్ గే పాట నడకను, వాతావరణాన్ని అనుకరించారని మరో హిట్ పాట రచయితల మీద లక్షల డాలర్ల పరిహారం విధించినప్పుడు చాలామంది సంగీతకారులు భయపడ్డారు. స్టెయిర్‌వే అప్పీలులో వందమందికి పైగా సంగీతకారులు ప్రతివాదుల పక్షాన కోర్టుకు తమ అభిప్రాయం తెలిపారు. వాళ్లందరికీ లెడ్ జెప్పెలిన్ మీద ప్రేమ ఉండి కాదు. రేపు తాము ఒక మైనర్ కార్డు (ఒకేసారి పలికే స్వరాల గుత్తి) పట్టుకుని ఒక మెట్టు కిందికి దిగాలంటే ఎవరి అనుమతి అడగాలన్నది వాళ్ల భయం. మా దొండపర్తి కుర్రాడిది కూడా ఆ భయమే. అతను ఏ లాస్ ఏంజెలిస్ కోర్టుకూ వెళ్లడు, అతనికి ఏ వకీలూ లేడు. అతనికి తీర్పు చెప్పేది తోటి విద్యార్థుల వెక్కిరింపు, దానికి సాక్ష్యం మీ పత్రికలో అచ్చయిన ఒక వాక్యం.

అతని పాటను ఆ రోజు వరస వరసగా విన్నాను. అందులోనూ నాలుగో తీగ దిగుతుంది, కాని నాలుగు మెట్లే దిగి ఆగి, మళ్లీ పైకి వచ్చి, తాళం సగంలో పల్లవి ఎత్తుకుంటుంది. పల్లవి రేవు దగ్గర తెల్లవారుజామున వలలు దులిపే చప్పుడు మీద కట్టుకున్నది. అతని తండ్రి చేపల రేవులో పనిచేస్తాడు. ఆ చప్పుడును గిటార్ తీగల మీద అరచేతితో కొట్టి తెప్పించడం అతనికి ఎవరూ నేర్పలేదు. నాకు కూడా రాదు. దిగుడు అందరిదీ, ఆ చప్పుడు నీది అని అతనికి చెప్పాను. నమ్మాడో లేదో నాకు తెలియదు.

కాబట్టి మీకు రెండు విన్నపాలు. స్టెయిర్‌వే టు హెవెన్ చౌర్యమని కోర్టులో రుజువైందన్న వాక్యాన్ని సరిదిద్ది, 2016 నాటి జ్యూరీ తీర్పునూ, దాన్ని ఖాయం చేసిన 2020 తీర్పునూ, ఆ వ్యాసం వచ్చిన ఆదివారం అనుబంధంలోనే, కనిపించే చోట ప్రచురించండి. ఇకమీదట ఏ పాటనైనా, అది ఇంగ్లీషుదైనా మన సినిమాలోదైనా, కాపీ అని రాసే ముందు రెండు పాటలనూ వాయించి చూపగల ఒక సంగీతకారుణ్ని కూర్చోబెట్టి వినండి. ఆంధ్ర విశ్వవిద్యాలయ సంగీత విభాగం మన ఊళ్లోనే ఉంది, విజయనగరం సంగీత కళాశాల గంటన్నర దూరం. వాళ్లెవరికీ తీరిక లేకపోతే నేను నా గిటార్, అమ్మ వీణ తీసుకుని మీ కార్యాలయానికి వస్తాను.

కాలేజీ వార్షికోత్సవం ఈ నెలాఖరున. ఆ కుర్రాడు తన పేరు ఇంకా వెనక్కి తీసుకోలేదు. మీ సవరణ ఆ లోపల వచ్చేటట్టు చూడగలరని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక గిటార్ ఉపాధ్యాయుడు,
దొండపర్తి, విశాఖపట్నం.